రక్త పరీక్ష: సూది గుచ్చే ముందు, గుచ్చిన తర్వాత

మన సంస్థ నిర్వహించే వైద్య శిబిరాలకు దాతలు ఇచ్చే విరాళాల్లో చెప్పుకోదగ్గ భాగం రక్తపరీక్షలకు ఖర్చవుతుంది. షుగర్, హిమోగ్లోబిన్, థైరాయిడ్, కిడ్నీ, కొలెస్ట్రాల్, ఏ పరీక్షకైనా మొదటి మెట్టు ఒకటే. మనిషి చేతి నుంచి నాలుగు చుక్కల రక్తం తీయాలి. డాక్టరుగారు మందు రాసేది రిపోర్టు చూసి. ఆ రిపోర్టు సరిగ్గా ఉండాలంటే ల్యాబ్‌లోని యంత్రం మంచిదైతే సరిపోదు. రక్తం తీసిన ఆ రెండు నిమిషాలు సవ్యంగా గడవాలి. అక్కడ తప్పు జరిగితే ఎంత ఖరీదైన యంత్రమూ దాన్ని సరిదిద్దలేదు.

నేను డాక్టరును కాను. హైస్కూలులో జీవశాస్త్రం చెప్పే ఉపాధ్యాయుడిని. కొన్నేళ్లుగా శిబిరాల్లో పేర్లు రాసే బల్ల దగ్గర కూర్చుంటున్నాను. జనం అడిగే ప్రశ్నలు, వారి భయాలు, ఆ పక్కనే టెక్నీషియన్లు పడే ఇబ్బందులు చూస్తూ వస్తున్నాను. మన దాతలకు ఈ విషయం తెలిస్తే శిబిరానికి ఏమేమి కొనాలో, ఎవరిని పిలవాలో, ఏమి అడగాలో కూడా తెలుస్తుందని ఈ వ్యాసం రాస్తున్నాను.

'నరం దొరకలేదు' అంటే?

మన ఇళ్లలో రక్తం తీసేచోట వినిపించే మొదటి మాట 'నరం దొరకలేదు' అని. నిజానికి టెక్నీషియన్ వెతికేది నరం కాదు, సిర. శరీరంలోని రక్తాన్ని తిరిగి గుండెకు చేర్చే గొట్టం సిర. గుండె నుంచి రక్తాన్ని బయటికి తీసుకువెళ్లేది ధమని. స్పర్శను, నొప్పిని మెదడుకు చేరవేసే తీగ నరం, దాన్నే నాడి అంటాం. వాడుకలో మూడింటినీ నరం అనేస్తాం కానీ సూది పట్టుకున్నవారికి ఈ మూడింటి తేడా ప్రాణప్రదం. సిరలో గుచ్చితే పని అవుతుంది. ధమనిలో గుచ్చితే రక్తం ఒక పట్టాన ఆగదు. నాడికి తగిలితే చేయి నెలల తరబడి జివ్వుమంటూ ఉండవచ్చు.

సిరనే ఎంచుకోవడానికి కారణం ఉంది. దాని గోడ పలచన, లోపల ఒత్తిడి తక్కువ, చర్మానికి దగ్గరగా ఉంటుంది. రక్తం శరీరంలో ఎలా తిరుగుతుందో మనిషి తెలుసుకోవడానికి చాలా శతాబ్దాలు పట్టింది. డమాస్కస్‌లో పుట్టి కైరోలో వైద్యుడిగా స్థిరపడిన ఇబ్నున్నఫీస్ 13వ శతాబ్దంలోనే గుండె కుడి భాగం నుంచి రక్తం ఊపిరితిత్తుల గుండా ఎడమ భాగానికి చేరుతుందని రాశారు. 1628లో ఇంగ్లండుకు చెందిన విలియం హార్వే మొత్తం ప్రసరణను వివరించారు. ముంజేతికి పైన పట్టీ బిగించి, ఉబ్బిన సిరలను వేలితో నొక్కి చూపి, రక్తం గుండెవైపే పోతుందని నిరూపించారు. ఈనాడు టెక్నీషియన్ మన చేతికి కట్టే రబ్బరు పట్టీ చేసే పని కూడా అదే. పట్టీ వల్ల రక్తం వెనక్కి పోలేక సిర ఉబ్బుతుంది, వేలికి తగులుతుంది.

మోచేయి మడిచేచోట ముందువైపు మూడు సిరలు ఉంటాయి. మధ్యలో ఉండేది అన్నింటికంటే మంచిది. లావుగా ఉంటుంది, అంతగా జారదు, నొప్పీ తక్కువ. బొటనవేలి వైపున ఉండేది రెండవ ఎంపిక. చిటికెనవేలి వైపున, లోపలి పక్కన ఉండే సిరను చివరికి వదిలేయాలి. దాని దగ్గరలోనే ధమని, నాడి రెండూ ఉంటాయి. పైకి బాగా కనబడుతోంది కదా అని దానిమీదికి పోవడమే చాలా ఇబ్బందులకు మూలం.

సూది తీయకముందే చేయవలసినవి

మొదటిది, మనిషి ఎవరో తేల్చుకోవడం. గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో ఏ శిబిరంలోనైనా 'షేక్ మస్తాన్ వలీ' అని పిలిచి చూడండి, ముగ్గురు లేస్తారు. షేక్ మీరాబీలు, పఠాన్ ఖాసింలు కూడా అంతే. పైగా 'మీరేనా మస్తాన్ వలీ?' అని అడిగితే సరిగా వినబడని పెద్దాయన కూడా తల ఊపుతాడు. అందుకని 'మీ పేరేమిటండీ?' అని అడిగి, వారి నోటితోనే చెప్పించాలి. దానితోపాటు తండ్రి లేదా భర్త పేరు, వయసు, ఫోన్ నంబరులో చివరి నాలుగు అంకెలు, వీటిలో ఒకటైనా సరిచూడాలి. ఖాళీ ట్యూబులమీద ముందుగానే పేర్లు రాసి వరుసగా పేర్చి పెట్టుకోవడం మంచి పద్ధతి కాదు. రక్తం తీసిన వెంటనే, ఆ మనిషి కుర్చీలోంచి లేవకముందే, అతని ఎదుటే పేరు రాయాలి. షుగర్ రిపోర్టు మారితే ఒకరి మందు ఇంకొకరు మింగుతారు. రక్తం ఎక్కించడానికి తీసిన శాంపిల్ మారితే గ్రూపు తప్పి ప్రాణమే పోవచ్చు.

రెండవది, నాలుగు ప్రశ్నలు. ఇంతకుముందు రక్తం ఇచ్చినప్పుడు కళ్లు తిరిగాయా? రక్తం పలచబడే మందులు, అంటే ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, వార్ఫరిన్ లాంటివి వాడుతున్నారా? ఏ చేతికైనా ఆపరేషన్, డయాలసిస్ లాంటివి జరిగాయా? చివరిసారి ఎప్పుడు తిన్నారు? ఈ నాలుగూ అడగడానికి అర నిమిషం పట్టదు.

మూడవది, కూర్చునే తీరు. చేతులున్న కుర్చీలో వీపు ఆనించి, చేయి చాచి, కింద దిండో మడిచిన తువ్వాలో పెట్టాలి. నిలబెట్టి గానీ, ఆసరా లేని స్టూలుమీద గానీ రక్తం తీయకూడదు. కళ్లు తిరిగితే పట్టుకునేదేమీ ఉండదు. ఇంతకుముందు అలా పడినవారిని బల్లమీద పడుకోబెట్టి తీయడం మేలు.

పరగడుపు పరీక్ష విషయంలో ఒక అపోహ ఉంది. మంచినీళ్లు కూడా తాగకూడదని చాలామంది గొంతు ఎండబెట్టుకుని వస్తారు. 8 నుంచి 12 గంటలు ఆహారం, టీ, కాఫీ, పాలు మానాలి కానీ నీళ్లు తాగవచ్చు, తాగాలి కూడా. ఒంట్లో నీరు తగ్గితే సిరలు కుంచించుకుపోయి దొరకవు.

గుచ్చేటప్పుడు

రబ్బరు పట్టీని గుచ్చేచోటుకు నాలుగైదు వేళ్ల వెడల్పు పైన కట్టాలి. ఒక్క నిమిషం మించి ఉంచకూడదు. మించితే అక్కడ నీరు సిరలోంచి బయటికి జారి, మిగిలిన రక్తం చిక్కబడుతుంది. అప్పుడు ప్రొటీన్లు, కొలెస్ట్రాల్ లాంటివి ఉన్నదానికంటే ఎక్కువగా కనిపిస్తాయి. సిర వెతకడానికి ఆలస్యమైతే పట్టీ వదిలి, కాసేపు ఆగి, మళ్లీ కట్టాలి. ముస్లిం స్త్రీల విషయంలో ఒక సంగతి గుర్తుంచుకోవాలి. బిగుతైన పొడవు చేతులను మోచేయి పైకి మడిచి నెడితే అదే రెండో పట్టీ అయిపోతుంది. టెక్నీషియన్ రబ్బరు పట్టీ విప్పినా ఆ బిగువు అలాగే ఉండి, సూది తీశాక రక్తం కారుతూనే ఉంటుంది. శిబిరానికి వదులు చేతుల దుస్తులు వేసుకుని రమ్మని ముందురోజే చెప్పడం మంచిది.

'పిడికిలి మూసి తెరవండి, మూసి తెరవండి' అనడం మనకు అలవాటు. అలా కండరాన్ని పదేపదే బిగిస్తే పొటాషియం బయటికి వచ్చి రిపోర్టులో పెరిగినట్టు చూపుతుంది. పిడికిలి ఒక్కసారి మెల్లగా మూస్తే చాలు. రక్తం రావడం మొదలవగానే పట్టీ, పిడికిలి రెండూ వదలాలి.

చర్మాన్ని 70 శాతం ఆల్కహాల్‌తో తుడిచి, 30 సెకన్లు ఆరనివ్వాలి. సూక్ష్మజీవులు చచ్చేది ఆ ఆరే సమయంలోనే. తడిగా ఉండగానే గుచ్చితే మంట పుడుతుంది, ఆల్కహాల్ కలిసి రక్తకణాలు పగలవచ్చు. తుడిచిన తర్వాత మళ్లీ వేలితో తడిమి చూడకూడదు. ఆ వేలు శుభ్రమైన చోటును మళ్లీ మలినం చేస్తుంది. సూది 30 డిగ్రీలు లేదా అంతకన్నా తక్కువ వాలులో వెళ్లాలి. నిటారుగా గుచ్చితే సిరను దాటి కిందికి పోతుంది. ఒకరు రెండుసార్లు ప్రయత్నించి దొరకకపోతే ఆగి, ఇంకొకరిని పిలవాలి. లోపల ఉన్న సూదిని అటూ ఇటూ తిప్పుతూ వెతకడం అన్నింటికంటే చెడ్డ అలవాటు.

సూది తీసే ముందు పట్టీ విప్పాలి. దూది పెట్టి, సూది బయటికి తీసి, ఆ తర్వాత గట్టిగా అదిమిపట్టాలి. ఇక్కడ మనందరం చేసే పని ఒకటుంది. దూది పెట్టగానే మోచేయి మడిచేస్తాం. అలా మడిస్తే పైన చర్మం మూసుకున్నట్టు కనిపిస్తుంది కానీ సిరమీద గుచ్చిన రంధ్రంపై ఒత్తిడి పడదు. రక్తం చర్మం కింద చేరుతుంది. చేయి చాచి ఉంచి, రెండు మూడు నిమిషాలు అదిమిపట్టాలి. రక్తం పలచబడే మందులు వాడేవారు అయిదు నిమిషాలకు పైగా పట్టుకోవాలి. రుద్దకూడదు.

రాగల ఇబ్బందులు

కమిలిపోవడం: అన్నింటికంటే ఎక్కువగా కనిపించేది ఇదే. సిరలోంచి కారిన రక్తం చర్మం కింద చేరి, బొప్పి కట్టి, నీలంగా మారి, పసుపురంగు తిరిగి పోతుంది. గుచ్చుతుండగానే బొప్పి కడుతుంటే పట్టీ విప్పి, సూది తీసి, అదిమిపట్టాలి. మొదటిరోజు బట్టలో చుట్టిన ఐసు కాసేపు పెట్టవచ్చు. మామూలుగా ఒకటి రెండు వారాల్లో తగ్గుతుంది. ఇది చిన్న విషయమే అనిపిస్తుంది. కానీ ఒక శిబిరంలో రక్తం ఇచ్చిన నానీమా ఒకావిడ, మోచేయి మొత్తం నల్లబడిందని ఆ తర్వాత రెండేళ్లు ఏ పరీక్షకూ రాలేదు. ఆమెకు షుగర్ ఉంది. దూది రెండు నిమిషాలు ఎవరైనా పట్టుకుని ఉంటే ఆమె ఆ రెండేళ్లూ మందులు సరిచేయించుకునేది.

కళ్లు తిరిగి పడిపోవడం: భయం వల్ల, సూది చూసినందువల్ల, ఆకలి వల్ల ఒక నాడి అతిగా స్పందించి గుండె వేగం తగ్గుతుంది, రక్తపోటు పడిపోతుంది, మెదడుకు రక్తం చాలదు. కుర్రవాళ్లలో, మొదటిసారి వచ్చినవారిలో ఎక్కువ. ముందుగా ఆవలింతలు, చెమట, ముఖం పాలిపోవడం కనిపిస్తాయి. వెంటనే సూది తీసేసి, వెల్లకిలా పడుకోబెట్టి, కాళ్లు పైకెత్తి, మెడ దగ్గర బట్టలు వదులు చేయాలి. ఒక్కోసారి చేతులు కాళ్లు రెండు మూడుసార్లు కొట్టుకుంటాయి. మూర్ఛ వచ్చిందని చేతిలో తాళంచెవులు పెట్టడం, ఉల్లిపాయ వాసన చూపడం, నోట్లో నీళ్లు పోయడం చేయవద్దు. స్పృహ లేనివారి నోట్లో నీళ్లు పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతాయి. సాధారణంగా ఒకటి రెండు నిమిషాల్లో లేస్తారు. అలా లేవకపోతే, గుండెనొప్పి అంటే, లేదా పడినప్పుడు తలకు దెబ్బ తగిలితే డాక్టరుగారికి చూపించాలి.

నాడికి తగలడం: సూది గుచ్చగానే కరెంటు షాకులా నొప్పి వేళ్లదాకా పాకితే ఇది అనుమానించాలి. 'కొంచెం ఓర్చుకోండి' అనకూడదు. ఆ క్షణమే సూది తీసేయాలి. తిమ్మిరి, మంట, పట్టు తగ్గడం మర్నాటికీ ఉంటే డాక్టరును కలవాలి. రోగి కూడా ఈ నొప్పిని దాచకుండా గట్టిగా చెప్పాలి.

ధమనిలో గుచ్చుకోవడం: అరుదు. రక్తం ఎర్రగా మెరుస్తూ, నాడి కొట్టుకున్నట్టు ఎగిరెగిరి వస్తుంది. సూది తీసి, కనీసం అయిదు నుంచి పది నిమిషాలు గట్టిగా అదమాలి, డాక్టరుకు చెప్పాలి.

చీము, వాపు: సరిగా తుడవకపోతే, తుడిచినచోట మళ్లీ ముట్టుకుంటే రావచ్చు. రెండు మూడు రోజుల తర్వాత ఎర్రబడి, వేడిగా, నొప్పిగా ఉంటే, సిర పొడవునా తాడులా గట్టిపడితే చూపించుకోవాలి.

రక్తం తగ్గిపోతుందన్న భయం: 'మూడు ట్యూబులు లాగేశారు, నీరసం వచ్చింది' అంటారు మన ఆడవాళ్లు. మూడు ట్యూబులు కలిపి సుమారు 10 మిల్లీలీటర్లు, అంటే రెండు టీచెంచాలు. పెద్దవారి ఒంట్లో నాలుగైదు లీటర్ల రక్తం ఉంటుంది. రక్తదానంలో తీసేదే 350 మిల్లీలీటర్లు. కాబట్టి పెద్దలకు పరీక్షకు ఇచ్చే రక్తంతో బలహీనత రాదు. ఆస్పత్రిలో రోజూ పరీక్షలు జరిగే రోగులకు, పసిపిల్లలకు మాత్రం ఈ లెక్క వర్తించదు.

కంటికి కనిపించని నష్టం

కమిలిన చేయి కనిపిస్తుంది. చెడిపోయిన శాంపిల్ కనిపించదు, అదే ఎక్కువ ప్రమాదం. మరీ సన్నని సూదితో బలంగా లాగినా, సిరంజిలోని రక్తాన్ని సూది గుండా ట్యూబులోకి ఒత్తి పంపినా, ట్యూబును గిలకొట్టినా ఎర్రకణాలు పగులుతాయి. వాటిలోని పొటాషియం బయటపడి రిపోర్టులో ఎక్కువగా కనిపిస్తుంది. కిడ్నీ జబ్బు ఉన్నవారి విషయంలో ఆ అంకె చూసి డాక్టర్లు అత్యవసర చికిత్సకు పరుగెత్తవలసి వస్తుంది. అందుకే ట్యూబును గిలకొట్టకుండా మెల్లగా తలకిందులు చేస్తూ కలపాలి.

ట్యూబుల మూతల రంగులు అలంకారానికి కావు. నీలం మూత ట్యూబులో రక్తం గడ్డకట్టకుండా సిట్రేట్ ఉంటుంది. దాన్ని గీత వరకు నింపాలి. తొమ్మిది పాళ్ల రక్తానికి ఒక పాలు సిట్రేట్ అనే లెక్క తప్పితే గడ్డకట్టే సమయం రిపోర్టు తప్పుతుంది. ఎరుపు, పసుపు మూతలవి సీరం పరీక్షలకు. ఊదా మూతలో ఇ.డి.టి.ఎ. అనే రసాయనం ఉంటుంది, అది హిమోగ్లోబిన్, కణాల లెక్కకు. బూడిదరంగు మూతలో ఫ్లోరైడ్ ఉంటుంది, అది షుగర్‌కు. నింపే వరుస కూడా ఇదే. ముందు నీలం, తర్వాత ఎరుపు లేదా పసుపు, తర్వాత ఊదా, చివరికి బూడిద. వరుస తప్పి ఊదా ట్యూబులోని రసాయనం పసుపు ట్యూబులో పడితే పొటాషియం పెరిగినట్టు, కాల్షియం తగ్గినట్టు చూపుతుంది.

షుగర్ ట్యూబు విషయం శిబిరాలకు మరీ ముఖ్యం. ట్యూబులో ఉన్నా రక్తకణాలు బతికే ఉంటాయి, చక్కెరను తింటూనే ఉంటాయి. ఫ్లోరైడ్ లేని ట్యూబులో, కణాలను వేరుచేయకుండా వదిలేస్తే గంటకు 5 నుంచి 7 శాతం చక్కెర తగ్గిపోతుంది. ఉదయం 9 గంటలకు తీసిన రక్తం పల్లె నుంచి పట్టణం ల్యాబుకు మధ్యాహ్నం 2 గంటలకు చేరిందనుకోండి. పరగడుపున 130 ఉన్న మనిషి రిపోర్టు 100కు అటూ ఇటూ రావచ్చు. పరగడుపున 126 దాటితే షుగర్ ఉన్నట్టు. అంటే జబ్బు ఉన్న మనిషికి లేదని చెప్పి ఇంటికి పంపినట్టు అవుతుంది. అతను సంతోషంగా వెళ్లి పాయసం తాగుతాడు. మన డబ్బు ఖర్చయింది, అతనికి మేలు జరగకపోగా కీడు జరిగింది.

ప్రత్యేకంగా చూసుకోవలసినవారు

డయాలసిస్ కోసం చేతికి ఫిస్టులా చేయించుకున్నవారి ఆ చేతిని ముట్టుకోకూడదు. అది చెడితే డయాలసిస్ దారే మూసుకుపోతుంది. రొమ్ము కేన్సర్ ఆపరేషన్ అయినవారికి రెండోవైపు చేతి నుంచి తీయాలి. గ్లూకోజ్, సెలైన్ ఎక్కుతున్న చేతి నుంచి తీస్తే ఆ నీళ్ల రిపోర్టే వస్తుంది. కాలిన మచ్చలు, వాపు ఉన్నచోటు వదిలేయాలి.

ముసలివారి చర్మం పలచన, సిర జారిపోతుంది. కింద బొటనవేలితో చర్మాన్ని లాగిపట్టి గుచ్చాలి. గట్టిగా అంటుకునే ప్లాస్టరు తీసేటప్పుడు చర్మం ఊడివస్తుంది, వారికి కాగితపు టేపు మేలు.

మూడు కిలోల పసికందు ఒంట్లో మొత్తం రక్తం సుమారు 250 మిల్లీలీటర్లు. వాడి నుంచి 5 మిల్లీలీటర్లు తీయడం పెద్దవాడి నుంచి 100 మిల్లీలీటర్లు తీయడంతో సమానం. అందుకే పసివారికి వీలైనంత తక్కువ తీయాలి, వీలైతే మడమ పక్కల చుక్కలతో సరిపెట్టాలి. మడమ మధ్యలో గుచ్చితే ఎముకకు తగులుతుంది. కాస్త పెద్దపిల్లలకు, పెద్దలకు వేలి చుక్క తీసేటప్పుడు నడిమివేలు లేదా ఉంగరపువేలు, అదీ వేలి కొస పక్కభాగం మంచిది. మొదటి చుక్క తుడిచేయాలి. వేలిని పిండితే రక్తంలో ఒంటి నీరు కలుస్తుంది.

స్త్రీలకు తెర కట్టిన చోటు, వీలైనంతవరకు మహిళా టెక్నీషియన్ ఉండాలి. ఇది మర్యాద కోసం మాత్రమే కాదు. సిగ్గుతో ముడుచుకుని, సగం చేయి చాపినవారికి సిర దొరకదు, గుచ్చుళ్లు పెరుగుతాయి. మోచేతిదాకా మెహందీ పెట్టుకున్న పెళ్లికూతురికి సిర కంటికి కనిపించకపోతే వేలితో తడిమి గుర్తించాలి.

రంజాన్ నెలలో శిబిరం పెడితే ఒక లెక్క గమనించండి. రోజా ఉన్నంతమాత్రాన పరగడుపు పరీక్షకు సరిపోదు. తెల్లవారుజామున నాలుగున్నరకు సహరీ తిన్నవారి రక్తం ఎనిమిదింటికి తీస్తే అప్పటికి గడిచింది మూడున్నర గంటలే. దాన్ని పరగడుపు షుగర్‌గా చూస్తే లెక్క తప్పుతుంది. పోనీ మధ్యాహ్నం తర్వాత తీద్దామంటే ఒంట్లో నీరు తగ్గి సిర దొరకదు, కళ్లు తిరిగే అవకాశం ఎక్కువ. పరీక్షకు కొద్దిపాటి రక్తం ఇస్తే రోజా చెడదని ఉలమాలు సాధారణంగా చెబుతారు. సందేహం ఉన్నవారు తమ మస్జిద్ ఇమామ్ గారిని అడగవచ్చు. నా ఉద్దేశంలో మాత్రం అత్యవసరం కాని శిబిరాన్ని రంజాన్‌కు ముందో, షవ్వాల్‌లోనో పెట్టుకోవడం అందరికీ సుఖం.

తీసేవారి ప్రాణమూ ప్రాణమే

రక్తం తీసే అమ్మాయి, అబ్బాయి గురించి మనం ఆలోచించం. రోజుకు వందమందికి గుచ్చే చేతికి ఒక్కసారి సూది గుచ్చుకుంటే చాలు. రోగికి హెపటైటిస్-బి ఉండి, టెక్నీషియన్ టీకా వేయించుకోకపోతే నూటికి 30 వరకు జబ్బు అంటే అవకాశం ఉంది. హెపటైటిస్-సి అయితే నూటికి 2, హెచ్.ఐ.వి. అయితే వెయ్యికి 3 చొప్పున. వీటిలో హెపటైటిస్-బికి మంచి టీకా ఉంది. 0, 1, 6 నెలల్లో మూడు మోతాదులు. ఆ టీకా వేయించుకున్నవారినే శిబిరానికి పిలవాలి.

వాడిన సూదికి మళ్లీ మూత పెట్టబోయేటప్పుడు గుచ్చుకోవడం చాలా ఎక్కువ. కాబట్టి మూత పెట్టకూడదు. పక్కనే ఉన్న డబ్బాలో నేరుగా వేయాలి. గుచ్చుకుంటే పిండకూడదు, నోట్లో పెట్టుకోకూడదు. పారే నీటితో, సబ్బుతో కడిగి, వెంటనే బాధ్యుడైన డాక్టరుకు చెప్పాలి. హెచ్.ఐ.వి. రాకుండా వాడే మందు ఎంత త్వరగా మొదలుపెడితే అంత మేలు, 72 గంటలు దాటితే ఉపయోగం లేదు. దాన్ని 28 రోజులు వాడాలి.

ఒక సూది, ఒక మనిషి

2009లో గుజరాత్‌లోని మొడాసా ప్రాంతంలో హెపటైటిస్-బి చెలరేగి పదుల సంఖ్యలో జనం చనిపోయారు. 2019లో పాకిస్తాన్ సింధ్ రాష్ట్రంలోని రతోడెరోలో వందల మందికి హెచ్.ఐ.వి. సోకింది. వారిలో ఎక్కువమంది చిన్నపిల్లలు. రెండుచోట్లా వేళ్లు చూపింది వాడిన సిరంజిలను మళ్లీ వాడటం వైపే. సూదుల మీద మిగిల్చిన కొద్ది రూపాయలు ఇన్ని ఇళ్లను కూల్చాయి. హిజామా చేయించుకునేవారు కూడా ఇది గుర్తుంచుకోవాలి. బ్లేడు ప్రతి మనిషికీ కొత్తదై ఉండాలి, మన కళ్లముందే పొట్లం చింపాలి.

వాడేసిన సూదులను చెత్తకుండీలో వేస్తే వాటిని ఏరేది పేదవాడి బిడ్డే. జీవవైద్య వ్యర్థాలపై 2016లో కేంద్రం తెచ్చిన నిబంధనలు ఆస్పత్రులకే కాదు, వైద్య శిబిరాలకూ వర్తిస్తాయి. సూదులు, బ్లేడ్లు తెల్లటి, గుచ్చుకుపోని డబ్బాలో వేయాలి. సూది తీసిన సిరంజిలు, గ్లవుజులు ఎర్ర సంచిలో, రక్తం అంటిన దూది పసుపు సంచిలో వేయాలి. డబ్బా ముప్పావు నిండగానే మూసేయాలి. వాటిని అనుమతి ఉన్న సంస్థకు అప్పగించే బాధ్యత ఎవరిదో ముందే కాగితంమీద రాసుకోవాలి.

దాతలు అడగవలసిన ప్రశ్నలు

ఈ ఏడాది శిబిరానికి డబ్బు ఇచ్చేముందు నిర్వాహకులను ఇవి అడగండి. అడగడం అనుమానం కాదు, బాధ్యత.

1. రక్తం తీసేవారికి శిక్షణ, అర్హత ఉన్నాయా? హెపటైటిస్-బి టీకా వేయించుకున్నారా?
2. ప్రతి మనిషికీ కొత్త సూది, కొత్త గ్లవుజులు సరిపడా ఉన్నాయా? అంచనాకన్నా పది శాతం ఎక్కువ తెచ్చారా?
3. షుగర్‌కు బూడిదరంగు మూత ట్యూబులే వాడుతున్నారా? శాంపిల్ ఎన్ని గంటల్లో ల్యాబుకు చేరుతుంది?
4. చేతులున్న కుర్చీలు, పడుకోబెట్టడానికి ఒక బల్ల, స్త్రీలకు తెర ఉన్నాయా?
5. తెల్ల డబ్బా, ఎర్ర, పసుపు సంచులు ఉన్నాయా? వాటిని ఎవరు తీసుకువెళతారు?
6. దూది అదిమిపట్టి రెండు నిమిషాలు చూసే వాలంటీరు ఉన్నారా?
7. రిపోర్టు వచ్చాక దాన్ని చదివి చెప్పే డాక్టరుగారు ఏ రోజు కూర్చుంటారు?

ఆరవ ప్రశ్నకు డబ్బే అక్కర్లేదు. మన పిల్లల్లో ఇంటర్, డిగ్రీ చదువుతున్నవారిని ఇద్దరిని ఆ కుర్చీల దగ్గర నిలబెడితే చాలు. 'చేయి మడవకండి ఖాలా, ఇంకొక్క నిమిషం' అని చెప్పే గొంతు ఒకటి అక్కడ ఉండాలి.

మూడు వందల మందికి హడావుడిగా రక్తం తీసి, ఫోటో వేసుకుని, సగం రిపోర్టులు తప్పుగా రావడంకన్నా నూటయాభై మందికి సరిగా తీయడం గొప్ప. శిబిరానికి వచ్చే మనిషి మన సంస్థను, మన దాతలను నమ్మి చేయి చాపుతాడు. చాచిన ఆ చేతికి నొప్పి తక్కువ, మేలు ఎక్కువ జరిగేలా చూడటం మనందరి పూచీ. మీరిచ్చే ప్రతి రూపాయినీ అల్లాహ్ స్వీకరించుగాక, దాన్ని అందుకున్నవారికి ఆరోగ్యం ప్రసాదించుగాక.